మేకల కొట్టానికి మేమే చేసుకున్న అలారం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. పోయిన మహాసభల ఇదే స్టేజీ మీద పొదుపు గురించి మాట్లాడమంటే రెండు నిమిషాలకే చెమటలు పట్టి దిగిపోయాను. ఈసారి నా చేతులతోటి చేసిన పని గురించి చెప్తున్నా కాబట్టి కొంచెం ఎక్కువ టైమే పడుతుందేమో, మధ్యల గంట కొట్టకండి. నేను పదో తరగతి వరకే చదివాను. కరెంటు సంగతంటే బల్బు మార్చుడు తప్ప ఏమీ తెల్వకుండె. నేనేదన్నా తప్పు చెప్తే అగో, వెనక కుర్చీల కూర్చున్న మా మేనల్లుడు సరిచేస్తాడు. వాడు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడు గురువు, నేను శిష్యురాలిని.

ముందుగాల మేకల సంగతి చెప్పాలి. అది చెప్పకుంటే అలారం ఎందుకో మీకు అర్థం కాదు.

మా సంఘంల పన్నెండు మందిమి. అందులో ఐదుగురం రెండేండ్ల కింద బ్యాంకు లింకేజీ రుణంతో మేకలు కొన్నాం. ఎవరింటి ముందట వాళ్లు కట్టేసుకుందామంటే జాగ లేదు. అందుకని ఊరి చివర, మా చిన్నత్త చెలకల, అందరికీ కలిపి ఒక్కటే కొట్టం వేసుకున్నాం. మీద రేకులు, చుట్టూ ఇనుప జాలి, ముందు ఒక తడక. మొత్తం 26 మేకలు. కొట్టానికి దగ్గరి ఇల్లు నాదే. అది కూడా అరవై అడుగుల దూరం ఉంటుంది. నా ఇంటి పక్కన ఇంకో రెండు ఇండ్లు.

పోయిన ఎండాకాలంల ఒక రాత్రి జాలి కోసి మూడు మేకలు ఎత్తుకపోయారు. పొద్దున చూస్తే రోడ్డు దాకా పెంటికలు పడి ఉన్నాయి. స్టేషన్‌కు పోయి కాగితం రాసిచ్చి వచ్చాం. పది రోజులు వంతులు వేసుకుని కొట్టం దగ్గరే పండుకున్నాం. రాత్రంతా మేల్కొని పొద్దున కూలికి పోతే ఒళ్లు నిలబడతదా? ఇద్దరికి జ్వరాలొచ్చాయి. అప్పుడు నేనే పట్నం పోయి 1,400 రూపాయలు పెట్టి కదలికను పట్టే అలారం ఒకటి తెచ్చాను. షాపు పేరు అడగకండి, వాళ్ల తప్పేం లేదు. "ఇది మోగుతదా" అని అడిగాను గని "ఇది ఆగుతదా" అని అడగలేదు.

మొదటి రాత్రి కుక్క వచ్చింది. అలారం మొదలైంది. అది ఒక్కసారి మొదలైతే పోయి తాళంచెవి తిప్పేదాక ఆగదు. రాత్రి రెండు గంటలకు నేను టార్చిలైటు పట్టుకుని అరవై అడుగులు పోయి ఆపి వచ్చాను. రెండో రాత్రి కూడా అంతే. మూడో రాత్రి మూడుసార్లు. మా పక్కింట్ల బాలింత ఉంది. ఆమె అత్త పొద్దున్నే వచ్చి, "బిడ్డా, మీ మేకలకు దొంగలొస్తరో రారో గని, మా పసిపోరడు మాత్రం పండుకుంటలేడు" అన్నది. కొట్లాడినట్టు అనలేదు, బతిమాలినట్టు అన్నది. నాకు అదే ఎక్కువ బాధైంది.

ఆరో రాత్రి నేను దాని వైరు పీకేశాను.

ఒక్క రాత్రికి ఏమైతది అనుకున్నాను. ఆ పిల్లోడు ఒక్క రాత్రి పండుకుంటడు గదా అనుకున్నాను. పొద్దున చూస్తే ఒక మేక లేదు. అది ఈనడానికి పది రోజులే ఉంది. అది మా సంఘంల భర్త చనిపోయిన చెల్లెది. ఇద్దరు ఆడపిల్లలు, మేకలు తప్ప వేరే ఆధారం లేదు.

అక్కలారా, ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. వైరు పీకింది నేనే అని నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. సంఘం మీటింగుల "ఆ అలారం డబ్బా దండగ, దొంగ వస్తే మోగనే లేదు" అని అందరూ తిట్టారు. నేను లీడరును, మినిట్స్ బుక్కు రాసుకుంటూ తల ఎత్తకుండా కూర్చున్నాను. మరుసటి నెల ఆ చెల్లె కిస్తీ కట్టలేకపోయింది. కిస్తీ తప్పితే సంఘం మొత్తానికి వడ్డీ రాయితీ పోతుందని మీకందరికీ తెలుసు. ఇద్దరు సభ్యులు, "ఆమె మేక పోతే మేమెందుకు కట్టాలె" అన్నారు. వాళ్లు అన్నదాంట్ల కూడా న్యాయం ఉంది. వాళ్లవీ కష్టం పైసలే. అప్పుడు ఇగ నేను దాచలేకపోయిన. చెప్పేశాను. ఆ నెల కిస్తీ నేనే కట్టాను. తర్వాతి నెలల కిస్తీలకు సంఘం అంతర్గత అప్పు ఇచ్చేటట్టు తీర్మానం చేసుకున్నాం. ఒక అక్క నాతోటి రెండు వారాలు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, ముందు వరుసలనే కూర్చున్నది.

ఈ సంగతంతా విని మా మేనల్లుడు ఒక మాట అన్నడు. "అత్తా, కుక్క వస్తే మోగుడు దాని తప్పు కాదు. మోగి ఆగకపోవుడు తప్పు. ఆగని అలారాన్ని ఎవరైనా పీకేస్తరు. నువ్వు కాకుంటే ఇంకొకలు పీకేద్దురు." నన్ను ఊకుంచడానికి అన్నడేమో అనుకున్న. గని వాడు సెలవుల్లో సామాను సంచి పట్టుకుని వచ్చి మా వాకిట్ల కూర్చున్నడు. మేం ఇద్దరం నాలుగు ఆదివారాలు కూర్చుంటే ఈ పెట్టె తయారైంది.

ఇగ ఇది ఎట్ల పనిచేస్తదో చెప్తా. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి కదలికను కనిపెట్టుడు. రెండోది ఎంతసేపు మోగాలెనో లెక్క పెట్టుడు.

కనిపెట్టేది ఈ తెల్ల బుడగ లాంటిది. దీన్ని పీఐఆర్ సెన్సరు అంటారు. మాది హెచ్‌సీ-ఎస్‌ఆర్ 501 అనే రకం. మన ఒంట్లకెళ్లి వేడి కంటికి కనపడని వెలుతురు లెక్క బయటికి వస్తుంటదట, ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఈ బుడగ కింద పక్కపక్కన రెండు కండ్లు ఉంటాయి. మనిషి నడుస్తుంటే ఆ వేడి ఒక కన్ను నుంచి ఇంకో కన్నుకు మారుతుంది. ఆ తేడాను పట్టి ఇది "ఎవరో కదిలిండ్రు" అని చెప్తుంది. అందుకే దీని ముందు అడ్డంగా నడిచే మనిషి తొందరగా దొరుకుతాడు, సూటిగా ఎదురొచ్చే మనిషి కొంచెం ఆలస్యంగా దొరుకుతాడు. కదలకుండ నిలబడ్డ మనిషిని ఇది చూడలేదు. అద్దం వెనక పెడితే కూడా చూడలేదు. ఎండాకాలం సాయంత్రం గాలి కూడా మన ఒంటి వేడంత ఉన్నప్పుడు దీని చూపు తగ్గుతుంది. రాత్రి చల్లబడ్డంక మళ్లీ బాగనే చూస్తది. ఇవన్నీ ముందే తెలిసి ఉండాలి, లేకపోతే దేవుని మీద భారం వేసినట్టు దాని మీద వేసి పండుకుంటాం.

లెక్క పెట్టేది ఇంకొకటి. ఎనిమిది కాళ్ల నల్ల పురుగు లెక్క ఉంటుంది, దాని పేరు 555. పది పదిహేను రూపాయలకు దొరుకుతుంది. 1971ల హాన్స్ కామెంజిండ్ అనే ఆయన దీన్ని తయారు చేశాడట, ఆ మరుసటి ఏడాది నుంచి బజార్ల ఉంది. నేను పుట్టకముందు నుంచి ఉన్న వస్తువు నాకు ఇన్నేండ్లకు కనపడింది.

దీని లెక్క నాకు మొదట తలకెక్కలేదు. రెండో ఆదివారం మేనల్లుడు మా ఇంటి ముందటి నల్లా కింద బిందె పెట్టి చూపించాడు. "అత్తా, కెపాసిటర్ అంటే బిందె. రెసిస్టర్ అంటే నల్లా. నల్లా సన్నగ తిప్పితే బిందె నిండుడు ఆలస్యం. బిందె పెద్దదైనా ఆలస్యమే." బిందె మీద మూడు పాళ్లల రెండు పాళ్ల దగ్గర సుద్దతోటి గీత గీశాడు. కదలిక కనపడంగనే 555 సైరన్ మొదలుపెట్టి నల్లా ఇడుస్తుంది. నీళ్లు ఆ గీత దాకా రాంగనే సైరన్ ఆపి బిందెను వంపేస్తుంది. అంతే. ఇందులో గడియారం లేదు, ముల్లు లేదు.

లెక్క కూడా నేనే వేశాను. రెసిస్టరు మెగా ఓంలల్ల, కెపాసిటరు మైక్రో ఫారడ్లల్ల తీసుకుని గుణించి, దాన్ని 1.1తోటి గుణిస్తే సెకండ్లు వస్తాయి. మేం 470 కిలో ఓంలది, 100 మైక్రో ఫారడ్లది వేశాం. అంటే 0.47 ఇంటూ 100 ఇంటూ 1.1, దగ్గరదగ్గర 52 సెకండ్లు. వడ్డీ లెక్కలు వేసే మనకు ఇదొక లెక్క కాదు. నిజంగ మోగించి ఫోన్ల చూస్తే లెక్కకు, దీనికి కొన్ని సెకండ్లు తేడా వచ్చింది. ఇసొంటి కెపాసిటర్ల మీద రాసిన విలువ కచ్చితంగ ఉండదు, కొంచెం కారుతయి కూడా. బిందెకు సన్న చిల్లి ఉన్నట్టు. మనకు ఒక నిమిషానికి అటో ఇటో అయితే చాలు. రెండు నిమిషాలు కావాలంటే ఒక మెగా ఓం రెసిస్టరు వేస్తే 110 సెకండ్లు వస్తుంది. ఇంకో మంచి సంగతి ఏందంటే, బ్యాటరీ కొంచెం దిగినా ఈ లెక్క మారదు.

మొదటి ఆదివారం చేసింది చూస్తే మీరు నవ్వుతారు. సెన్సరు వైరును సూటిగా 555 రెండో కాలుకు కలిపేశాం. పెట్టంగనే సైరన్ మోగుడు మొదలైంది, ఆగదు. నేను ఎదురుంగ నిలబడి చేతులు ఊపితే ఆగింది! ఎవరూ లేకుంటే మోగుతుంది, దొంగ వస్తే ఆగుతుంది. మా అత్తమ్మ, "మంచిగున్నది, దొంగకు దండం పెట్టే అలారం" అన్నది. తర్వాత తెలిసింది ఏందంటే, సెన్సరు కదలిక చూస్తే వోల్టేజి పైకి లేపుతుంది. 555 రెండో కాలు మాత్రం వోల్టేజి కిందికి పడితేనే పని మొదలు పెడుతుంది. ఇద్దరు తోటికోడండ్లు ఒకలు ఔనంటే ఇంకొకలు కాదన్నట్టు. నడుమ మాట తిప్పి చెప్పేటందుకు బీసీ 547 అనే ట్రాన్సిస్టరు ఒకటి పెట్టాలి. దానికి మూడు కాళ్లు. చదును వైపు మన దిక్కు పెట్టుకుని చూస్తే ఎడమ నుంచి కలెక్టరు, బేసు, ఎమిటరు. మేం ఒకసారి ఉల్టా పెట్టి సగం దినం పోగొట్టుకున్నాం.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. అసలు ఈ పెట్టెకు ప్రాణం అదే, జాగ్రత్తగ వినండి.

మామూలుగ కట్టిన 555 ఒకసారి లెక్క మొదలు పెట్టిందంటే నడుమ ఎవరు కదిలినా లెక్క మొదటికి రాదు. దొంగ ఇంకా తడక దగ్గర తచ్చాడుతుండగనే నిమిషం నిండి సైరన్ ఆగిపోవచ్చు. మళ్లీ కదిలితే మళ్లీ మోగుతది, అది వేరే సంగతి. మాకు కావాల్సింది ఏందంటే, ఆఖరిసారి కదిలినప్పటి నుంచి నిమిషం లెక్క. దానికి బీసీ 557 అనే ఇంకో ట్రాన్సిస్టరును బిందె మూతి దగ్గర పెట్టాం. దాని ఎమిటరు కెపాసిటరు ప్లస్ వైపుకు, కలెక్టరు మైనస్‌కు, బేసు 555 రెండో కాలుకు. కదలిక వచ్చిన ప్రతిసారి అది బిందెను వంపేస్తుంది. నీళ్లు మళ్లీ మొదటి నుంచి నిండాలె. మనిషి కదులుతున్నంతసేపు బిందె నిండదు, సైరన్ ఆగదు. మనిషి పోయినంక ఒక నిమిషానికి దానంతటదే ఆగుతుంది.

బ్యాటరీ 12 వోల్టులది గని, 555కు, సెన్సరుకు 7805 అనే రెగ్యులేటరు పెట్టి 5 వోల్టులే ఇచ్చాం. ఈ 557కు 12 వోల్టులు పడవు, బేసుకు ఎమిటరుకు మధ్యల ఉల్టా వోల్టేజి ఐదు దాటితే అది కారడం మొదలుపెట్టి లెక్కంతా చెడగొడుతుందని మేనల్లుడు చెప్పాడు. ఎవరన్నా చేసుకుంటే ఇది మర్చిపోవద్దు. సైరన్‌కు మాత్రం 12 వోల్టులు రిలే మీదుగ పోతుంది. రిలే చుట్టకు అడ్డంగ 1ఎన్ 4007 డయోడు ఒకటి పెట్టాలి. రిలే ఆగేటప్పుడు కొట్టే ఉల్టా దెబ్బ ట్రాన్సిస్టరుకు తగలకుండా అది కాపాడుతుంది. ఇరవై పైసల వస్తువని మేం పెట్టకుండా చూశాం. ట్రాన్సిస్టరు ఒకటి కాలింది.

ఇగ ఆపే బటను. 555కు నాలుగో కాలు ఉంది, దాని పేరే రీసెట్. అది పైకి ఉన్నంతసేపు అంతా మామూలే. ఒకసారి మైనస్‌కు తాకిస్తే సైరన్ టక్కున ఆగి బిందె ఖాళీ అవుతుంది. నాలుగో కాలును 10 కిలో ఓంల రెసిస్టరుతోటి 5 వోల్టులకు కట్టి, అక్కడి నుంచి రెండు వైర్లు అరవై అడుగులు లాగి నా మంచం పక్కన గోడకు కాలింగ్ బెల్లు బటను బిగించాం. ఇప్పుడు నేను టార్చి పట్టుకుని పోవాల్సిన పని లేదు. పొడుగు వైరు కదా, పక్క బోరు మోటరు ఆన్ చేసినప్పుడు ఉత్తగనే రీసెట్ అయ్యేది. నాలుగో కాలుకు, మైనస్‌కు నడుమ 0.1 మైక్రో ఫారడ్ చిన్న కెపాసిటరు పెడితే ఆ బాధ పోయింది.

మొదట ఈ బటను కొట్టం గుంజకే పెట్టాం. ఎంత తెలివి! ఆపుదామని పోతే మనల్నే చూసి మళ్లీ మోగుతుంది. నొక్కుతనే ఉండాలి. బటను ఎప్పుడైనా సెన్సరు చూపు పడని దగ్గర ఉండాలి.

సెన్సరు పెట్టే జాగ గురించి కూడా ఒక మాట. మేకలు కూడా వేడి ఉన్న ప్రాణులే గదా. కొట్టం లోపటికి పెడితే అవి నెమరు వేస్తూ తల తిప్పినా మోగుతుంది. మేం బయటి గుంజకు ఆరు అడుగుల ఎత్తుల, తడక ముందటి బాటకు అడ్డంగ చూసేటట్టు పెట్టాం. దానికి జానెడు పీవీసీ పైపు ముక్క తొడిగాం, అటూ ఇటూ, కింద కనపడకుండ. కింద నుంచి పోయే కుక్కలు చానా మట్టుకు తగ్గినాయి, పూర్తిగ కాదు. మొదట తూర్పు దిక్కు పెడితే పొద్దున ఎండకు వేడెక్కిన గోనెసంచి గాలికి ఊగినా మోగింది. సంచి తీసేసి దిక్కు మార్చాం. సెన్సరు వెనక రెండు చిన్న తిప్పుడు స్క్రూలు ఉంటాయి, ఒకటి దూరానికి, ఒకటి టైముకు. టైముది అన్నింటికంటే తక్కువకు పెట్టాలి. ఎందుకంటే టైము లెక్క మన 555ది. బ్యాటరీ పెట్టినంక మొదటి నిమిషం సెన్సరు ఊరికే ఒకటి రెండుసార్లు లేస్తుంది, భయపడొద్దు.

ఖర్చు చెప్తా, దాచేది లేదు. సెన్సరు 110. 555, రెగ్యులేటరు, ట్రాన్సిస్టర్లు, రిలే, మిగతా చిల్లర సామాను, డాట్ బోర్డు అన్నీ కలిపి 180. సైరన్ 160. పెట్టె, బటను 90. వైరు 260. మొత్తం 800. పన్నెండు వోల్టుల ఏడు ఏహెచ్ బ్యాటరీ 850. అంటే 1,650. షాపుదానికంటే మాదే 250 ఎక్కువ పడ్డది. చవక అని చేసుకోలేదు. కరెంటు పోయినా పనిచేస్తుంది, మనకు కావాల్సిన తీరుగ ఆగుతుంది, అందుకు. ఊరికే ఉన్నప్పుడు ఇది పది మిల్లీ యాంపుల లోపే తింటుంది. లెక్కకు నెల రోజులు వస్తుంది గని, పూర్తిగ దిగనిస్తే ఆ బ్యాటరీ పాడవుతుంది. అందుకే ప్రతి ఆదివారం ఇంటికి తెచ్చి ఛార్జింగు పెడతాను.

ఇది పెట్టినంక మా సంఘంల ఒక పద్ధతి చేసుకున్నాం. పక్కింటి బాలింతకు, వాళ్ల అత్తకు కూడా చెప్పాం. నిమిషంల ఆగిపోతే ఏదో కుక్కో పిల్లో పోయింది, పండుకోండి. నిమిషం దాటినా మోగుతనే ఉంటే ఎవరో ఇంకా అక్కడనే కదులుతున్నారు, లేవండి. పాత అలారం ఈ తేడా చెప్పకపోయేది. కుక్కకైనా, దొంగకైనా ఒక్కటే తీరు, తెల్లారేదాక. ఇప్పుడు మోత వింటుంటేనే మంచం మీద పండుకుని తెలిసిపోతుంది. బాలింత అత్త ఇప్పుడు నిద్రలనే "ఆగింది బిడ్డా" అని కేకేస్తుంది.

ఎవరూ ఒక్కలే పోవద్దని కూడా రాసుకున్నాం. ఐదుగురం ఫోన్లు చేసుకుని, ఇండ్లల్ల మగవాళ్లను లేపి, కలిసే పోవాలి. అవసరం పడితే 112కు ఫోను. మేకలు మళ్లీ కొనుక్కోవచ్చు.

కార్తీక మాసంల ఒక రాత్రి ఒంటిగంట దాటినంక మోగింది. నేను బటను మీద చేయి పెట్టి లెక్క పెడుతున్నా. యాభై. అరవై. డెబ్బై. ఆగలేదు. నూరు దాటింది. నా చేతులు వణికినయి గని బటను నొక్కలేదు. ఆ చెల్లెకు ఫోను చేస్తే ఆమె అప్పటికే లేచి కూర్చున్నది, "అక్కా, నేను గూడ లెక్క పెడుతున్న" అన్నది. మేం ఎనిమిది మందిమి లైట్లు పట్టుకుని పోయేసరికి దూరంగ బండి మోత వినపడ్డది. తడకకు కట్టిన తీగ సగం కోసి ఉంది. మేకలను లెక్క పెట్టాం, ఒకసారి కాదు, మూడుసార్లు. అన్నీ ఉన్నాయి. మేం లెక్క పెడుతున్నంతసేపు మమ్మల్ని చూసి అది మోగుతనే ఉంది. ఆ తొందర్ల బటను దగ్గర ఎవరన్నా ఒకరు ఉండాలని మర్చిపోయాం. చివరికి పక్కింటి అత్తమ్మ మా ఇంట్లకు పోయి నొక్కింది. వచ్చినోళ్లు ఎవరో తెల్వదు. ఆ తెల్లారి మళ్లీ స్టేషన్‌ల రాసిచ్చి వచ్చాం.

ఆ చెల్లె రుణం ఇంకా ఏడు కిస్తీలు ఉంది. అప్పటి నుంచి కిస్తీ తప్పలేదు. ఆమె మిగిలిన మేకల్లో ఒకటి మొన్న సంక్రాంతికి రెండు పిల్లలు ఈనింది.

మండలంల మేకలు, గొర్లు, కోళ్లు కొట్టాలల్ల పెట్టుకున్న సంఘాలు చానా ఉన్నాయి. ఎరువుల గది, వడ్ల సంచుల గది ఉన్న గ్రామ సంఘాలు ఉన్నాయి. సమాఖ్యకు నా మనవి ఒకటే. ఈసారి శిక్షణల్లో రెండు రోజులు సోల్డరింగు, ఈ చిన్న సర్క్యూటు నేర్పించండి. మేనల్లుడు ఒప్పుకున్నాడు, రానుపోను ఛార్జీలు ఇస్తే చాలన్నాడు. టంకం వేసేటప్పుడు నా వేలు రెండుసార్లు కాలింది, పొయ్యి దగ్గర కాలినదానికంటే ఎక్కువేం కాదు. అట్ల చూస్తే మగపిల్లల కంటే మన చేతులే ఈ పనికి బాగుంటాయి. ముగ్గులు పెట్టిన చేతులకు ఆ సన్న కాళ్లు అతికించుడు కష్టం కాదు.

ఇంకో మూడు పెట్టెలకు సరిపడ సామాను తెచ్చాం. కావాలన్న సంఘాలు భోజనాల తర్వాత మా దగ్గర పేరు రాయించండి, సామాను ఖర్చు మాత్రమే తీసుకుంటాం. పెట్టె అగో, ఆ చివరి బల్ల మీద ఉంది. తెరిచే ఉంది, దగ్గరికి పోయి చూడండి. ఒకటే మాట, దాన్ని అన్నం వడ్డించే దగ్గరికి ఎవరూ జరపకండి. మీరు పళ్లాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నంతసేపు అది ఆగదు, బటను పట్టుకుని నేను అన్నం తినకుండ నిలబడాలె.